ఆ కాగితం మీద సంఘం ముద్ర ఎందుకు వెయ్యలేదంటే...



పోయిన కూటంలో జరిగిన రచ్చ చాలామందికి తెలుసు. రాలేకపోయిన వాళ్ల కోసం మళ్లీ చెప్తున్నాం. లెక్కలు చదవడం అయిపోయి, కాఫీలు తాగే వేళకు ఒక కాగితం చేతులు మారుతూ వచ్చింది. "ల్యాబులో పుట్టిన కృత్రిమ జన్యువుల బియ్యం మన నేలకు వద్దు. ఈ పరిశోధనలన్నీ వెంటనే ఆపాలి" అని రాసి, కింద సంతకాలకు చోటు వదిలారు. సంతకాలు చకచకా పడుతున్నాయి. అప్పుడు వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన పెన్ను చేతిలో పట్టుకుని, "కృత్రిమ జన్యువంటే ఏందప్పా? ఈ దినం దాకా దాన్ని ఎవురైనా తినిండారా, తాకిండారా?" అని అడిగినారు.

ఎవరూ జవాబు చెప్పలేదు. సంతకం పెట్టిన వాళ్లూ చెప్పలేదు, పెట్టించిన వాళ్లూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే మేమూ చెప్పలేకపోయాం. అందుకే ఆ పొద్దు సంఘం ముద్ర వెయ్యకుండా కాగితాన్ని పక్కన పెట్టాం. దాని మీద కొందరికి కోపం వచ్చింది. "మీరు కంపెనీల పక్షమా?" అని మొహం మీదే అడిగినారు. ఆ తరువాత మేం నలుగురం కూర్చుని చదివాం, తెలిసినవాళ్లను అడిగాం. తెలుసుకున్నదీ, మా అభిప్రాయమూ ఇక్కడ పెడుతున్నాం. కొంచెం పొడుగు ఎక్కువే. ఓపిక చేసుకుని చదవండి.

ముందు ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు. ఆయనకు చాన్నాళ్లుగా చక్కెర జబ్బు. రోజూ పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుంటారు. కృత్రిమంగా రాసిన జన్యువు మనుషుల వాడకంలోకి వచ్చిన తొలి పెద్ద సంగతి ఆ ఇన్సులినే.

పాత రోజుల్లో ఇన్సులిన్‌ను గొడ్ల నుంచీ, పందుల నుంచీ తీసేవాళ్లు. కబేళాల్లో వాటి క్లోమగ్రంథులు పోగుచేసి, వాటి నుంచి పిండి తీసిన మందే ఊళ్లకు వచ్చేది. కొందరి ఒంటికి అది పడేది కాదు. 1978లో అమెరికాలో కీయిచీ ఇటకురా, ఆర్థర్ రిగ్స్, జెనెంటెక్ కంపెనీ వాళ్లు కలిసి కొత్తదారి పట్టారు. మనిషి ఇన్సులిన్‌లో రెండు గొలుసులుంటాయి. ఒకదాంట్లో 21, ఇంకోదాంట్లో 30 అమైనో ఆమ్లాలు. ఆ వరస అప్పటికే తెలుసు. ఆ వరసకు సరిపోయే జన్యువును ఏ మనిషి ఒంట్లోంచీ తియ్యకుండా, సీసాల్లోని రసాయనాలతో ఒక్కొక్క అక్షరంగా కూర్చి తయారుచేశారు. దాన్ని బ్యాక్టీరియాలో పెడితే అది మనిషి ఇన్సులిన్ చేసిపెట్టింది. 1982లో అది మందుగా బయటికి వచ్చింది. మనకు దగ్గరి సంగతి కావాలంటే, మనం బెంగళూరుకు బస్సులో పోయేటప్పుడు హోసూరు రోడ్డు మీద కనిపించే బయోకాన్ సంస్థ 2004లో ఈస్టు అనే సూక్ష్మజీవితో చేసిన మనిషి ఇన్సులిన్‌ను మన దేశంలో అమ్మకానికి తెచ్చింది. ఈస్టు అంటే కల్లు పులిసేది దేనివల్లో ఆ కోవకు చెందినదే.

కాబట్టి పెద్దాయనకు మా జవాబు ఇది: "అన్నా, తాకిండాము. మన ఇండ్లల్లో ఫ్రిజ్జు తలుపులోనే ఉంది."

ఇప్పుడు ఈ జన్యువు రాయడం అంటే ఏమిటో కాస్త చూద్దాం. ప్రతి జీవి కణంలోనూ డి.ఎన్.ఎ. అనే పొడుగాటి దారం ఉంటుంది. దాంట్లో ఎ, టి, జి, సి అని నాలుగే అక్షరాలు. మన తెలుగు ఒత్తులూ గుణింతాలూ ఏవీ లేవు, నాలుగంటే నాలుగే. ఈ నాలుగింటి వరసలోనే రాగి రాగిగా, వరి వరిగా ఎందుకు మొలుస్తాయో రాసి ఉంటుంది. జన్యు ఇంజనీరింగ్ మొదలైన కాలంలో ఒక జీవిలోని ముక్కను కత్తిరించి ఇంకో జీవిలో అతికించేవాళ్లు. అంటే ఎవరో రాసిన పుస్తకంలోంచి పేజీ చించి మన పుస్తకంలో కుట్టుకోవడం. జన్యు సంశ్లేషణ అట్లా కాదు. మనకు కావలసిన పేజీని మనమే తెల్లకాగితం మీద రాసుకోవడం.

ఆ రాత నేర్పిన మనిషి మన దేశంలో పుట్టినవాడే. హరగోవింద ఖొరానా. అప్పటి పంజాబులో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉండే రాయపూర్ అనే చిన్న పల్లెలో పుట్టినాడు. తండ్రి పట్వారీ, మన భాషలో చెప్తే ఊరి కరణం. తొలి చదువు చెట్టు కింది బడిలో. అట్లాంటివాడు 1968లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1970లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తన బృందంతో కలిసి ప్రపంచంలో మొట్టమొదటి కృత్రిమ జన్యువును పూర్తిచేశాడు. దాని పొడుగు 77 అక్షరాల జంటలు. అంతటి దానికి ఏళ్లు పట్టింది. 1976లో మరో జన్యువును రాసి, అది బతికున్న బ్యాక్టీరియాలో పనిచేస్తుందని చూపించాడు.

ఇప్పుడు ఆ పని యంత్రాలు చేస్తున్నాయి. కావలసిన వరసను కంప్యూటర్‌లో టైపు చేసి పంపితే, యంత్రం ఒక్కో అక్షరాన్ని చేరుస్తూ పోతుంది. ఒక్క దఫాకు రెండు వందల అక్షరాలకు మించి పోతే తప్పులు పెరుగుతాయి. కాబట్టి చిన్న చిన్న ముక్కలుగా రాసి, తరువాత వాటిని అతుకుతారు. రైలు పెట్టెలు జోడించినట్టు. 2010లో క్రెయిగ్ వెంటర్ బృందం ఇట్లాగే పది లక్షలకు పైగా అక్షరాలున్న ఒక బ్యాక్టీరియా జన్యుపటాన్ని మొత్తం రాసి, దాన్ని ఇంకో బ్యాక్టీరియా కణంలో పెట్టి బతికించింది. 77 నుంచి పది లక్షలకు నలభై ఏళ్లు.

దీని వల్ల మనకు మేలు జరిగిందా? జరిగింది. 2020 జనవరిలో చైనా శాస్త్రవేత్తలు కరోనా వైరస్ అక్షరాల వరసను ప్రపంచానికి పెట్టినారు. ఆ వైరస్ తమ దగ్గరికి రాకముందే, ఆ వరసను చూసి కావలసిన జన్యువును రాసుకుని ప్రయోగశాలలు టీకాల పని మొదలుపెట్టాయి. అంతకుముందు టీకా అంటే పదేళ్ల మాట. 2022 మార్చి 16 నుంచి పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వేసిన కార్బెవ్యాక్స్ గుర్తుందా? అది హైదరాబాదు బయోలాజికల్ ఇ. సంస్థది. వైరస్ ముల్లులోని ఒక ముక్క తాలూకు జన్యువును ఈస్టులో పెట్టి తయారుచేసిన టీకా.

అంతకుముందే తెలుగువాళ్లు ఈ తోవలో ఒక అడుగు వేసినారు. నెల్లూరు జిల్లావాడైన వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో హెపటైటిస్-బి టీకాను తెచ్చారు. అప్పటిదాకా దిగుమతి టీకా ఒక్కో డోసుకు వందల రూపాయలు. కూలీనాలీ చేసుకునేవాళ్లకు ఆ పేరు కూడా తెలియదు. ఇక్కడ తయారైనాక ధర పడిపోయింది. ఈ రోజు మన పి.హెచ్.సి.లో పసిబిడ్డకు అది ఉచితం. విద్య మన చేతికి వస్తే ధర మన అందుబాటులోకి వస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

"మందు సంగతి వేరు, మడి సంగతి వేరు" అని మీరంటారు. నిజమే. మందు సీసాలో ఉంటుంది, విత్తనం గాలిలో, నేలలో ఉంటుంది. సీసాలోని సూక్ష్మజీవి కర్మాగారం దాటి రాదు. చేలో మొక్క పుప్పొడి పక్క చేలోకి పోతుంది. కాబట్టి ఇన్సులిన్ మంచిది గనక ల్యాబు విత్తనాలన్నీ మంచివే అనే వాదన తప్పు. ల్యాబులో పుట్టింది గనక చెడ్డదే అనే వాదన కూడా అంతే తప్పు. ఒక్కొక్కదాన్ని విడివిడిగా చూడాలి.

మడిలోకి వచ్చిన మొదటిది బి.టి. పత్తి. 2002లో అనుమతి వచ్చింది. దాంట్లోని పురుగును చంపే జన్యువు మట్టిలోని ఒక బ్యాక్టీరియాది. అయితే ఉన్నదున్నట్టు తీసి పెడితే మొక్కలో సరిగ్గా పనిచెయ్యలేదు. అందుకని అమెరికా శాస్త్రవేత్తలు అదే అర్థం వచ్చేలా, మొక్కకు అలవాటైన అక్షరాలతో ఆ జన్యువును తిరగరాశారు. మన తెలుగే చూడండి, హోసూరులో మాట్లాడే తెలుగును గుంటూరులో అదే మాట అదే అర్థంతో వాళ్ల యాసలో చెప్తే వాళ్లకు తొందరగా తలకెక్కుతుంది కదా. అట్లాంటిదే. కాబట్టి కాగితంలో రాసిన "కృత్రిమ జన్యువు" పత్తిచేలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది.

ఆ పత్తి కథలో రెండు పాఠాలున్నాయి. మొదటిది, పురుగు ఊరకుండదు. తొలి ఏళ్లలో మందు కొట్టడం తగ్గింది. కానీ గులాబీరంగు పురుగు ఆ విషానికి అలవాటు పడింది. 2010 నాటికి గుజరాత్‌లో అది తట్టుకుంటున్నట్టు కంపెనీయే ఒప్పుకుంది. తరువాత వచ్చిన రెండు జన్యువుల పత్తికీ అదే గతి పట్టింది. రెండోది, ధర. 450 గ్రాముల విత్తనం ప్యాకెట్టు 1,600 రూపాయలు దాటి అమ్మినారు. అందులో పెద్ద వాటా జన్యువు మీద రాయల్టీ. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తవ్యాపారాల కమిషన్ ముందుకు పోయి కొట్లాడింది. ఆ ఏడే ప్యాకెట్టు ధర 750కి దిగింది. అంటే జన్యువులో ఏముందనే దానికంటే, ఆ జన్యువు ఎవరి జేబులో ఉందనేదే రైతును ఎక్కువ ఏడిపించింది.

ఇప్పుడు కాగితంలోని అసలు సంగతి, బియ్యం. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. ఒకటి కమల అనే డి.ఆర్.ఆర్. ధాన్ 100. హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థ చేసింది. దాని తల్లి మన సాంబా మసూరి, బాపట్లలో పుట్టిన బి.పి.టి. 5204. రెండోది పూసా డి.ఎస్.టి. రైస్ 1. దాని తల్లి మారుటేరులో పుట్టిన ఎం.టి.యు. 1010, అంటే కాటన్‌దొర సన్నాలు. రెండూ తెలుగు నేల వరులే. ఐ.సి.ఎ.ఆర్. చెప్పిన లెక్క ప్రకారం కమల ఇరవై రోజులు ముందే కోతకు వస్తుంది, దిగుబడి 19 శాతం ఎక్కువ. రెండోది ఉప్పునేలనూ నీటి ఎద్దడినీ తట్టుకుంటుంది.

ఇవి బి.టి. పత్తిలాంటివి కావు. వీటిలో బయటి జీవి జన్యువు మిగలదు. వరిలో ముందే ఉన్న ఒక జన్యువులో చిన్న కత్తిరింపు చేశారు. ఎక్కడ కత్తిరించాలో చూపించడానికి ఇరవై అక్షరాల చిరునామా కావాలి. ఆ చిరునామాను మాత్రం రాసుకోవాలి. పోస్టుమ్యాన్‌కు ఇచ్చే కవరు మీద రాసే అడ్రసు అనుకోండి. ఉత్తరం చేరినాక ఆ కవరు ఇంట్లో ఉండనక్కర లేదు. కాబట్టి "కృత్రిమ జన్యువుల బియ్యం" అనే మాట వీటికి సరిపోదు. ఆ కాగితం మొదటి వాక్యమే తప్పు. తప్పు వాక్యం కింద సంఘం ముద్ర పడితే, కలెక్టరాఫీసులో చదివే అధికారి మొదటి లైను దగ్గరే నవ్వి పక్కన పడేస్తాడు. మన అసలు బాధ కూడా దాంతోపాటే చెత్తబుట్టకు పోతుంది.

అసలు బాధ లేదని మేం అనడం లేదు. ఉంది. 2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. బయటి జన్యువు మిగలని ఇట్లాంటి సవరణ మొక్కలకు జి.ఇ.ఎ.సి. పెద్ద కమిటీ పరిశీలన అక్కరలేదని దాని సారం. సంస్థలోని జీవభద్రత కమిటీ సరే అంటే చాలు. 2010 ఫిబ్రవరి 9న జైరాం రమేశ్ బి.టి. వంకాయను ఆపేముందు ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు జరిపారు, రైతులు వచ్చి మాట్లాడారు. ఇప్పుడు ఆ తలుపు మూసేశారు. సవరణ చిన్నదే కావచ్చు. అయినా ఆ పరీక్షల వివరాలు అందరి ముందూ పెట్టడానికి భయమెందుకు? ఇది అడగడం మన హక్కు. ఇంకో బాధ పేటెంటు. క్రిస్పర్ అనే ఈ కత్తెర పేటెంట్లు ఎక్కువగా విదేశీ విశ్వవిద్యాలయాలవీ కంపెనీలవీ. మన ప్రభుత్వ సంస్థ చేసిన విత్తనమైనా, రేపు రాయల్టీ బిల్లు రైతు ప్యాకెట్టు మీద పడకూడదు.

మరొక భయం ఉంది, అది చేలోది కాదు. 2002లో అమెరికాలో ఎకార్డ్ విమ్మర్ బృందం పోలియో వైరస్ జన్యుపటం, దాదాపు 7,500 అక్షరాలు, రసాయనాలతో కూర్చి బతికున్న వైరస్‌ను తయారుచేసింది. మన ఆడబిడ్డలు చంకలో పిల్లలను ఎత్తుకుని ఏళ్ల తరబడి చుక్కలు వేయించి, 2014లో దేశం పోలియో లేనిదిగా గుర్తింపు తెచ్చుకుంది. అట్లాంటి జబ్బును టైపు చేసి తెప్పించుకోగలిగితే? ఆ భయంతోనే 2009లో పెద్ద జన్యు సంశ్లేషణ కంపెనీలు ఒక కూటమిగా ఏర్పడి, వచ్చే ఆర్డర్లలో ప్రమాదకరమైన వరసలున్నాయేమో చూస్తామని కట్టుబాటు చేసుకున్నాయి. కానీ అది చాలావరకు వాళ్లకు వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. కట్టుబాటు వేరు, చట్టం వేరు. ఊళ్లో పాలవాడు నీళ్లు కలపనని ఒట్టు పెట్టినా, లాక్టోమీటరు పెట్టే చూస్తాం కదా.

ఇన్ని భయాలుంటే పరిశోధన ఆపమనడమే మేలు కదా అని ఒక తమ్ముడు అడిగినాడు. మేం అట్లా అనుకోవడం లేదు. కారణం మన రాగి.

కృష్ణగిరి జిల్లా రాగి జిల్లా. సంగటి లేకుండా మన పెద్దవాళ్లకు పొద్దు గడిచేది కాదు. అగ్గి తెగులు వస్తే వెన్ను పైనే గింజ తాలుపోతుంది, అది మనలో చాలామంది కళ్లారా చూసినదే. రాగి జన్యువుల వరసను బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో చదివి ప్రచురించారు. అంటే చదవడం అయ్యింది. రాయడం ఎవరు చేస్తారు? ఏ పెద్ద కంపెనీకీ రాగి మీద లాభం లేదు. రాగి రైతు ఏటేటా విత్తనం కొనడు, ఇంటి గాదెలోంచే తీసుకుంటాడు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టం ఆ హక్కును రైతుకు రాతపూర్వకంగా ఇచ్చింది కూడా. అందుకే రాగి మీద పని చెయ్యాల్సింది ప్రభుత్వ కేంద్రాలే. కావేరిపట్నం దగ్గర పైయూర్ పరిశోధన కేంద్రం మనకు ముందునుంచీ రాగి రకాలు ఇస్తూనే ఉంది. మనం "పరిశోధనలన్నీ ఆపండి" అని ముద్ర వేసి పంపితే, ముందు ఆగేది పైయూరు లాంటి చోట్ల పని. కంపెనీల పని ఆగదు, వాళ్లు ఇంకో దేశంలో చేసుకుంటారు. రేపు వాళ్ల ప్యాకెట్టే మనం కొనాలి. శాంతా టీకా కథలో నేర్చుకున్నది ఇదే. విద్య మన చేతిలో లేకపోతే ధర కూడా మన చేతిలో ఉండదు.

కాబట్టి ఆ కాగితాన్ని చించెయ్యమనడం లేదు, తిరగరాద్దాం అంటున్నాం. మూడు కోరికలు పెడదాం.

ఒకటి, సవరణ చేసిన ఏ రకమైనా రైతు చేతికి వచ్చేముందు దాని పరీక్షల వివరాలన్నీ బయట పెట్టాలి. కృష్ణగిరి జిల్లాలో అవి తమిళంతో పాటు తెలుగులో, కన్నడంలో కూడా ఉండాలి. 2006 చట్టం తరువాత మన బడుల్లో తెలుగు ఎంత తగ్గిందో మనకు తెలుసు. చేలో పనిచేసే తరానికి ఇంకా తెలుగే చదువు. వాళ్లకు అర్థంకాని భాషలో వేసిన వివరం వేసినట్టు కాదు.

రెండు, ప్రభుత్వ డబ్బుతో చేసిన విత్తనాన్ని రైతు దాచుకుని మళ్లీ విత్తుకునే హక్కుకు ఏ పేటెంటూ అడ్డు రాకూడదు. రాగి, సామ, కొర్ర లాంటి పంటల మీద ప్రభుత్వ కేంద్రాల్లో పరిశోధనకు డబ్బు పెంచాలి.

మూడు, జన్యువులు రాసి అమ్మే సంస్థలు ప్రతి ఆర్డరునూ, ఆర్డరు ఇచ్చినవాళ్లనూ సరిచూడాలని చట్టం ఉండాలి, తనిఖీ ఉండాలి.

ఈ మూడింటిలో తప్పుంటే చెప్పండి. వద్దనేవాళ్లు ఎందుకు వద్దో రాయండి, మేం చదువుతాం. ముందు సంతకం పెట్టిన వాళ్ల మీద మాకు ఏ మనసులో మాటా లేదు. వాళ్ల భయం విత్తనం మీద ప్రేమతో వచ్చిందే. సంతకం పెట్టని వాళ్లు తెలివైనవాళ్లూ కారు. మేమూ ఆ పొద్దు తెల్లమొహమే వేసినాం.

ఇంకో చిన్న విన్నపం. మన పిల్లల్లో బయాలజీ చదివేవాళ్లు పదిమందికి తక్కువ లేరు. వాళ్లలో ఒకరిద్దరు వచ్చే కూటానికి వచ్చి, బోర్డు మీద నాలుగు అక్షరాలూ రాసి చూపిస్తే బాగుంటుంది. తెలుగులోనే చెప్పాలి. ఇంగ్లీషు మాట వస్తే రానీ, వాక్యం మాత్రం మనదై ఉండాలి.

వెనక వరసలో పెద్దాయనకు ముందు వరసలో కుర్చీ వేయిస్తాం. ఆయనకు తృప్తి కలిగేలా జవాబు చెప్పగలిగితే, ఆ పొద్దే కొత్త కాగితం మీద ముద్ర వేద్దాం.